ఓడలో కొళాయి

పైపుల కంపెనీ పెట్టిన టార్గెట్
ఈ యేడు మా ఆయన ఎర్రిస్వామి దాటినాడు.
తెలివితో దాటినాడని చెప్పలేను.
రాయదుర్గం చుట్టూ బోర్లు ఎండిపోయి
వెయ్యడుగులకు దింపినోళ్ళంతా
మా అంగడికే వచ్చినారు పైపులకు.
ఆ ఎండిన బోర్లన్నీ కలిసి
మమ్మల్ని సముద్రం మీదికి తోలినాయి.

బొంబాయిలో ఓడ ఎక్కేటప్పుడు నా సంచిలో
ఊరుబిండి, బొరుగులు,
వాంతులొస్తే వాసన చూడను నిమ్మకాయలు నాలుగు.
నాకు రాలేదు.
ఆయనకొచ్చినాయి.

రెండోనాటికి గట్టు మాయమైంది.
"ఏముందిక్కడ చూసేదానికి" అని
తక్కిన డీలర్లు లోపలికి పోయి పేకాటకు కూచున్నారు.
నేను రెయిలింగు కాడనే కుర్చీ వేసుకున్నా.
హగరి ఒడ్డున పుట్టినదాన్ని, నాకిది కొత్త కాదు.
మా నాయన చేను పక్కన ఇసుక దిబ్బలు
గాలికి లేచి, పడుకొని, మళ్ళీ లేచి
ఏటికి నాలుగు బారలు నడిచేవి.
ఒక యేడు కంచె మింగినాయి,
ఇంకో యేడు కళ్ళం,
ఆనక చేను పేరు కూడా.
అంచు లేనిదాన్ని ఎట్ల చూడాలో
పరికిణీ కట్టే వయసులోనే తెలిసింది:
దూరం చూడగూడదు.
ముందరున్న ఒక్క మడతను పట్టుకొని
అది ఏ పక్కకు ఒరుగుతాదో చూస్తా ఉండాల.

రాత్రిళ్ళు స్పీకర్లో చెప్పేవాళ్ళు,
గడియారం అరగంట వెనక్కి తిప్పుకోండని.
మూడు రాత్రుల్లో మూడు అరగంటలు.
యాభై నాలుగేండ్లలో
నాకెవరైనా ఊరికే ఇచ్చిన కాలం అదొక్కటే.
ఒక అరగంట కాళ్ళు చాపుకొని కూచున్నా.
ఒకటి నిద్రపోయినా.
మూడోది ఏం జేసినానో చెప్పను.

ఇంగ కొళాయి సంగతి.
మా వీధికి నీళ్ళొచ్చేది ఐదు దినాలకొకసారి.
నడిరేయి కొళాయిలో గాలి బుస్సుమంటే చాలు
నిద్రలోనే చెయ్యి బిందెను తడుముకుంటాది.
ఓడలో ఎప్పుడు తిప్పినా ధార.
సముద్రాన్నే కాచి, ఆవిరి పట్టి, తియ్యగా చేస్తారంట.
నాకు నమ్మకం కుదరలేదు.
పండుకునే ముందర గ్లాసులు రెండూ,
టీ కెటిలు, ఐసు డబ్బా, పండ్ల గిన్నె
అన్నీ నింపి, పేపరు చించి మూతలు పెట్టినా.
"చుట్టూ ఇంత నీళ్ళుంటే ఇదేం పిచ్చే" అన్నాడాయన
వాంతి సంచి చేతిలో పట్టుకొని.

మా గది ఊడ్చే పిల్లోడు మార్సెల్.
ఏదో దీవి పేరు చెప్పినాడు, నాకు నోరు తిరగలేదు.
మొదటి దినం అన్నీ పారబోసి
తళతళా తుడిచి, బోర్లించి పోయినాడు.
బోర్లించిన గ్లాసులు చూస్తే కడుపులో దేవింది.
మళ్ళీ నింపినా.
రెండోదినం పారబోయలేదు, నిలబడి చూసినాడు.
వానికి తెలుగు రాదు, నాకు ఇంగ్లీషు రాదు.
నెత్తిమీద బిందె ఉన్నట్ల చెయ్యి పెట్టి
ఐదు వేళ్ళు చూపినా.
వాడు నవ్వలేదు.
భుజానికి కావిడి ఎత్తుకున్నట్ల వంగి
రెండు పక్కలా బరువుకు ఊగుతా
ఒక కొండ ఎక్కినాడు,
మంచానికీ బీరువాకూ నడుమున్న ఆ జానెడు సందులో.

తిరుగు దావలో గడియారం ముందుకు తిప్పమన్నారు.
మూడు అరగంటలూ గుంజుకున్నారు.
కడపటి రాత్రి అన్నం తిని గదికొచ్చేసరికి
గ్లాసులు నిండి ఉన్నాయి.
కెటిలు, డబ్బా, గిన్నె, అన్నీ.
యాడనుంచి తెచ్చినాడో ఇంకా రెండు గ్లాసులు.
పేపరు మూతలు
నాకంటే నున్నగా మడిచినాడు.

ఆ నీళ్ళు ఒక సీసాలో పోసి
చీరల నడుమ పెట్టుకొని తెచ్చుకున్నా.
గుంతకల్లులో రైలు ఆగినప్పుడు
ఎండకు తాళలేక ఆయన సంచి వెతికి
గటగటా తాగేసినాడు.
మూతి తుడుచుకొని, సీసా ఎత్తి చూసి
"ఏ ఊరివే ఈ నీళ్ళు?" అన్నాడు.